రావికట్ట నేర్పే పాఠం: నగరంలో మనుషులు కలిసే చోట్లు

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అనే సామెత ఎరుగని తెలుగువారు అరుదు. అందులోని ‘రచ్చ’కు మూలం ‘రథ్య’ అనే సంస్కృత పదం. దానికి అర్థం వీధి. ప్రాకృతం మీదుగా తెలుగులోకి వచ్చిన ఆ పదం వీధితో పాటు, వీధిలో నలుగురు కూడే చోటును, ఆ చోట జరిగే సభను కూడా చెప్పసాగింది. రచ్చబండ, రచ్చచావడి అనే మాటలు ఆ అర్థంతో ఏర్పడినవే. నేటి వాడుకలో మాత్రం రచ్చ అంటే అల్లరి, గొడవ. నలుగురు కూడే చోటు నలుగురికీ తలనొప్పిగా కనబడడం మాటల చరిత్రతో ముగిసిపోలేదు. మన బెంగళూరు వీధులలో కూడా అదే మార్పు కళ్ళ ఎదుట సాగుతున్నది.

నగరంలోని పాత పేటలలోను, ఒకప్పుడు గ్రామాలుగా ఉండి తరువాత వార్డులలో కలిసిపోయిన ప్రాంతాలలోను రావిచెట్టు చుట్టూ కట్టిన అరుగులు నేటికీ కనబడతాయి. కన్నడంలో వాటిని అరళికట్టె అని, అశ్వత్థకట్టె అని అంటారు. తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు రావికట్ట అంటాయి. అటువంటి అరుగునే మరాఠీవారు పార్ అని, ఉర్దూ మాట్లాడేవారు చబూత్రా అని పిలుస్తారు. పేర్లు వేరైనా అక్కడ జరిగే పని ఒక్కటే. రోడ్డు వెడల్పు చేసే పనులు, కాలిబాట మరమ్మతులు, సుందరీకరణ పనులు వచ్చినప్పుడల్లా ఈ కట్టలను ఏమి చేయాలన్న ప్రశ్న తలెత్తుతుంది. తొలగించాలా? చుట్టూ ఇనుప కంచె వేయాలా? గుడిగా మార్చాలా? ఉన్నదానిని ఉన్నట్టే బాగుచేయాలా? ఈ నిర్ణయాన్ని కేవలం ఇంజనీరుకు, గుత్తేదారుకు వదిలివేయకుండా పౌరులు కూడా ఆలోచించి చెప్పడానికి కావలసిన విషయాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

కట్ట ఏ విధంగా పనిచేస్తుంది

రావిని, వేపను పక్కపక్కనే నాటి, వాటికి పెళ్ళి చేసి, మొదళ్ళ చుట్టూ రాతితోనో ఇటుకతోనో అరుగు కట్టడం మన ప్రాంతపు సంప్రదాయం. చెట్ల మొదట నాగశిలలు ఉంటాయి. వాటికి పసుపు కుంకుమలు, పాలు సమర్పిస్తారు. ఈ వివరాలు అందరికీ తెలిసినవే. అంతగా గమనించనిది ఆ కట్ట రోజంతా ఎంతమంది చేతులు మారుతుందన్న విషయం.

తెల్లవారుజామున ప్రదక్షిణలు చేసే స్త్రీలు వస్తారు. వారి వెంట పూలమ్మే ఆమె వస్తుంది. వీధులు ఊడ్చే పని కొంత ముగిసిన పిమ్మట పౌరకార్మికులు వచ్చి, చీపుళ్ళు పక్కన పెట్టి, టిఫిన్ డబ్బాలు విప్పుతారు. ఈ నగరపు పౌరకార్మికులలో తెలుగు మాతృభాషగా గలవారు అనేకులు. వీధిలో వారికి నీడపట్టున కూర్చొని తినగలిగే చోట్లు చాలా తక్కువ. మధ్యాహ్నం ఆటో డ్రైవర్లు, ఇంటింటికీ పార్సెళ్ళు అందించే యువకులు, ఒక ఇంటి పని ముగించుకొని మరొక ఇంటికి వెళ్ళవలసిన స్త్రీలు అక్కడ కొంతసేపు ఆగుతారు. సాయంత్రం పదవీ విరమణ చేసినవారు వార్తాపత్రికతో వస్తారు. చీకటి పడే వేళకు పిల్లలు ఎక్కి దూకుతారు. ఇన్ని రకాలవారు ఒకే చోటును వాడుకోవడానికి అక్కడ ఏ నోటీసు బోర్డూ లేదు, ఏ అనుమతీ అక్కరలేదు.

దీనికి కారణాలు కట్ట నిర్మాణంలోనే ఉన్నాయి. మొదటిది ఎత్తు. సాధారణంగా కట్ట మోకాలి నుండి నడుము వరకు ఉండే ఎత్తులో ఉంటుంది. కుర్చీ వలె కూర్చోవచ్చు, నిలబడి ఆనుకోవచ్చు, మోస్తున్న సంచిని దించి పెట్టవచ్చు. రెండవది వెడల్పు. బెంచీ మీద ఒకే దిక్కుకు తిరిగి కూర్చోక తప్పదు. కట్ట వెడల్పుగా ఉన్నందున కాళ్ళు పైకి మడిచి, పక్కవారి వైపు తిరిగి కూర్చోవచ్చు. మాట్లాడదలచినవారు ఎదురెదురుగా తిరుగుతారు, మాట్లాడదలచనివారు వీధివైపు తిరుగుతారు. దగ్గరగా ఉంటూనే మాట కలపకుండా ఉండే స్వేచ్ఛ ఉన్నప్పుడే అపరిచితులు దగ్గరగా కూర్చోగలుగుతారు. మూడవది స్థానం. కట్ట వీధుల కూడలిలో, నడిచేవారి దారిలో ఉంటుంది. అక్కడికి ప్రత్యేకంగా వెళ్ళనవసరం లేదు. నాలుగవది నీడ. మన ఎండలలో నీడలేని ఆసనం రోజులో అధిక భాగం వృథాయే.

అన్నిటికంటె ముఖ్యమైనది ఐదవది. కట్ట మీద కూర్చున్న మనిషిని ‘ఇక్కడ నీకేమి పని?’ అని ఎవరూ అడగరు. హోటలులో కూర్చోవడానికి ఏదైనా కొనాలి. బస్సు స్టాపులో కూర్చోవడానికి బస్సు కోసం ఎదురుచూడాలి. కట్ట మీద కూర్చోవడానికి కూర్చోవడమే తగిన కారణం.

పరిశోధన చెప్పినది

మన పూర్వులు అనుభవంతో ఎరిగిన ఈ సంగతులను ఇతర దేశాలలో కొలిచి చూసినవారు ఉన్నారు. విలియం వైట్ అనే అమెరికా పరిశోధకుడు 1970లలో న్యూయార్క్ నగరంలోని ఎత్తైన భవనాల ముందున్న ఖాళీ స్థలాలను కెమెరాలతో చిత్రించి అధ్యయనం చేశాడు. కొన్ని స్థలాలు జనంతో నిండి ఉండడానికి, మరికొన్ని బోసిపోవడానికి కారణమేమిటన్నది ఆయన ప్రశ్న. ఎండ, స్థల విస్తీర్ణం, ఆకారం, భవన సౌందర్యం అన్నింటినీ పరిశీలించిన పిమ్మట తేలినది అతి సామాన్యమైన విషయం: కూర్చునే చోటు ఉన్నచోట జనం కూర్చుంటారు. ఒక అడుగు నుండి మూడు అడుగుల ఎత్తు వరకు ఉన్న ఏ గట్టునైనా జనం ఆసనంగా వాడుకుంటారని ఆయన గమనించాడు. ఈ కృషి ఫలితంగా 1975లో న్యూయార్క్ నగరం తన నిబంధనలను సవరించింది. అటువంటి బహిరంగ స్థలంలో ప్రతి 30 చదరపు అడుగులకు ఒక అడుగు పొడవున ఆసనం ఉండాలని అందులో విధించింది. ఆయన పరిశోధన 1980లో పుస్తకంగా వెలువడింది.

వైట్ చెప్పిన మరి మూడు సంగతులు మనకు నేరుగా ఉపయోగపడతాయి. బాగా పనిచేసే స్థలాలలో స్త్రీల శాతం సగటు కంటె ఎక్కువగా ఉంటుందన్నది ఒకటి. స్త్రీలు స్థలాన్ని ఎంచుకోవడంలో ఎక్కువ జాగ్రత్త చూపుతారు గనుక, వారి సంఖ్య తగ్గితే అక్కడ ఏదో లోపం ఉన్నట్టు భావించాలి. ఇద్దరు అపరిచితులు మాట కలపడానికి వారి మధ్య మూడవది ఒకటి కావాలన్నది రెండవది. అది ఒక గారడీవాడు కావచ్చు, ఒక శిల్పం కావచ్చు. మన కట్ట మీద ఆ మూడవది నాగశిల, పూలబుట్ట, చెట్టు మీది చిలుకలు, లేదా దారిన పోయే ఊరేగింపు. అవాంఛనీయులను దూరంగా ఉంచడానికి స్థలాన్ని మిగిలిన అందరికీ ఆకర్షణీయంగా చేయడమే ఉత్తమ మార్గమన్నది మూడవది. కంచెల గురించి ఆలోచించేటప్పుడు ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది.

డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ మరొక విభజన చేశాడు. వీధిలో మనం చేసే పనులు మూడు రకాలు: తప్పనిసరి పనులు, ఇష్టపడి చేసే పనులు, ఇతరులతో కలిసి చేసే పనులు. బడికి, కొలువుకు, అంగడికి వెళ్ళడం మొదటి రకం. వీధి ఎంత అధ్వానంగా ఉన్నా అవి జరుగుతాయి. కాసేపు నిలవడం, కూర్చోవడం, చుట్టూ చూడడం రెండవ రకం. అవి చోటు బాగుంటేనే జరుగుతాయి. పలకరింపు, మాట, పరిచయం మూడవ రకం. అవి మొదటి రెండింటి నుండి పుడతాయి. కాబట్టి పరిచయాలను ఎవరూ నేరుగా నిర్మించలేరు. ఆగడానికి వీలు కల్పించగలరు, అంతే. కోపెన్‌హేగెన్ నగరం 1962లో తన ప్రధాన వాణిజ్య వీధిని పాదచారులకు వదిలినప్పుడు, వీధులలో తీరికగా గడపడం తమ దేశస్థుల అలవాటు కాదని అనేకులు సందేహించారు. చోటు దొరికిన పిమ్మట ఆ అలవాటు వచ్చింది.

పవిత్ర స్థలానికి మూడు వలయాలు

రావికట్టలో ఉన్న ప్రత్యేకత, అది పూజాస్థలమూ అవుతుంది, విశ్రాంతి స్థలమూ అవుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని కొందరు భావిస్తారు. మన నగరపు అనుభవం అందుకు భిన్నంగా ఉన్నది.

ఏ మతపు పుణ్యస్థలాన్ని చూసినా మూడు వలయాలు కనబడతాయి. లోపలి వలయం పూజకు, ప్రార్థనకు కేటాయించినది. దానికి తన నియమాలు ఉంటాయి. బయటి వలయం వీధి. ఈ రెండింటి నడుమ ఒక మధ్య వలయం ఉంటుంది: గుడికి మండపం, కల్యాణి మెట్లు; మసీదుకు కాళ్ళు చేతులు కడుగుకొనే నీటి తొట్టి; దర్గాకు ముంగిలి; చర్చికి కొవ్వొత్తులు వెలిగించే ఆవరణ. భక్తుడు, బాటసారి ఇద్దరూ ఉండగలిగేది ఈ మధ్య వలయంలోనే. మల్లేశ్వరంలో కాడు మల్లేశ్వర ఆలయానికి ఎదురుగా ఉన్న నందితీర్థం ఇందుకు చక్కని ఉదాహరణ. మట్టిలో పూడి ఉండగా 1990లలో త్రవ్వి వెలికితీసిన ఆ ఆలయంలో నంది నోటి నుండి నీరు శివలింగంపై పడుతుంది. నడుమ కల్యాణి ఉన్నది. కల్యాణి మెట్లు నీటిని చేరడానికి ఎంత ఉపయోగపడతాయో, కూర్చోవడానికీ అంతే ఉపయోగపడతాయి.

బెంగళూరు కరగ ఉత్సవం ఈ మధ్య వలయాన్ని ఒక రాత్రికి వీధులంతటా పరుస్తుంది. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేటలోని ధర్మరాయస్వామి ఆలయం నుండి కరగ బయలుదేరుతుంది. తిగళ సముదాయానికి చెందిన పురుషుడు స్త్రీవేషం ధరించి, ద్రౌపదీదేవికి ప్రతిరూపమైన పూలకరగను తలపై నిలుపుకొని పాత పేటల వీధులలో నడుస్తాడు. ఖడ్గధారులైన వీరకుమారులు వెంట సాగుతారు. ఆ ఊరేగింపు కాటన్‌పేటలోని హజ్రత్ తవక్కల్ మస్తాన్ దర్గా వద్ద ఆగుతుంది. ఇది ఏటా జరిగే ఆచారం. రెండు మతాలవారు సోదరభావంతో మెలగాలని వేదికల మీద చెప్పే మాటల కంటె ఆ ఆగడం బలమైనది. నిర్మాణం దృష్టితో చూస్తే, అక్కడ ఆగడానికి వీలైన ముంగిలి, వీధివైపు తెరుచుకునే వాకిలి ఉన్నాయి. అవి లేకపోతే ఆ ఆచారానికి నిలబడే చోటే ఉండదు.

అదే కరగ మరొక పాఠం కూడా చెబుతుంది. తోటపని తిగళుల కులవృత్తి. వారి పూలతోటలకు, కూరగాయల మళ్ళకు చెరువులే ఆధారం. కరగ కర్మకాండతో విడదీయరాని సంపంగి చెరువు ఉండిన చోట నేడు కంఠీరవ క్రీడాంగణం ఉన్నది. ఉత్సవం కొరకు ఒక చిన్న కొలను మాత్రం మిగిల్చారు. ధర్మాంబుధి చెరువు ఉండిన చోట నేడు కెంపేగౌడ బస్సు స్టేషను ఉన్నది. పవిత్రత కారణంగా ఒక చెరువులో కొంత భాగమైనా మిగిలింది. కాని చెరువుకట్ట మీద ప్రతిదినం జరిగే కలయికను ఆ చిన్న కొలను తిరిగి తేలేదు. ఏటా ఒక రాత్రి కలవడానికి వీధి చాలు. ప్రతి సాయంత్రం కలవడానికి ఒక గట్టు కావాలి.

బసవనగుడిలో కార్తీక మాసపు చివరి సోమవారం జరిగే వేరుశనగ పరిష కూడా ఇటువంటిదే. దొడ్డ బసవన్న ఆలయం ఎదుటి వీధి పొడవునా రైతులు, వ్యాపారులు రాసులు పోసి కూర్చుంటారు. కర్ణాటక జిల్లాలతో పాటు ఆంధ్ర, తమిళ ప్రాంతాల నుండి కూడా వేరుశనగ వస్తుంది. పరిష అనే మాట పరిషత్తు నుండి వచ్చినది. రాయలసీమ తెలుగులో జాతరకు పరస, పరుష అనే పేర్లు ఉండడం మనకు తెలిసినదే. ఆ వీధిలో పూజకు వచ్చినవారెవరో, కాయలు కొనడానికి వచ్చినవారెవరో, ఊరక చూడడానికి వచ్చినవారెవరో గుర్తుపట్టడం సాధ్యం కాదు. గుర్తుపట్టవలసిన అవసరమూ అక్కడ లేదు.

అందరిదీ అనే మాట

గతాన్ని పొగిడేటప్పుడు ఒక సత్యాన్ని దాచకూడదు. పాత రచ్చబండ అందరిదీ కాదు. దాని మీద కూర్చొని తీర్పులు చెప్పినవారు కొందరైతే, దూరంగా నేల మీద నిలబడి వినవలసి వచ్చినవారు కొందరు. స్త్రీలు పూజవేళలో తప్ప అక్కడ కనబడేవారు కారు. బావి, చెరువు, గుడి, కట్ట అన్నీ కులపు గీతలతో విభజింపబడి ఉండేవి. ఆ గీతలు నేటికీ పూర్తిగా చెరిగిపోలేదు. ఊడ్చేవారు కట్టను శుభ్రం చేయవచ్చును గాని దానిపై కూర్చొని భోజనం చేయరాదన్న చూపులు నగరంలోనూ అక్కడక్కడ ఎదురవుతాయి.

అందుచేత కట్టను కాపాడడమంటే పాత అధికారాన్ని కాపాడడం కాదని స్పష్టంగా చెప్పుకోవాలి. భారత రాజ్యాంగం 15వ అధికరణంలోని 2వ ఖండం ఈ విషయంలో సందేహానికి తావివ్వదు. ప్రభుత్వ నిధులతో నిర్వహింపబడుతున్న లేదా ప్రజలందరి ఉపయోగానికి అంకితమైన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాలు వాడుకోవడంలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరునికీ ఆటంకం కల్పించరాదు. వీధిలోని కట్ట ఈ జాబితాలోనిదే. ఏ భాష మాట్లాడేవారికైనా, ఏ ఊరి నుండి వచ్చినవారికైనా అక్కడ కూర్చునే హక్కు ఉన్నది. ఆ హక్కు కాగితం మీద ఉన్నదా, రాతి మీద కూడా ఉన్నదా అన్నది మనం కట్టను తీర్చిదిద్దే విధానం మీద ఆధారపడుతుంది.

కంచె ఎందుకు వస్తుంది

కట్ట చుట్టూ ఇనుప కంచె కోరేవారందరూ కఠిన హృదయులు కారు. రాత్రివేళ మద్యం సేవించేవారు, చెత్త పారవేసేవారు, పాడైన పటాలను, విగ్రహాలను తెచ్చి చెట్టు మొదట వదలివేసేవారు, ఎదురింటి ఆడపిల్లలకు ఇబ్బంది కలిగేలా గుంపుగా నిలబడేవారు ఉన్నచోట పొరుగువారు విసిగిపోవడం సహజం. ఈ బాధను తేలికగా తీసివేయరాదు.

అయితే కంచె ఈ సమస్యలలో దేనిని పరిష్కరిస్తుందో చూడాలి. రాత్రి వచ్చేవారికి కంచె దాటడం కష్టం కాదు. పగలు వచ్చే వృద్ధురాలికి, పని నుండి పనికి పోయే స్త్రీకి, పౌరకార్మికునికి అది దాటరాని గోడ. ఇంట్లో బాల్కనీ, కారులో ఏసీ ఉన్నవారికి కట్ట పోయినా లోటు తెలియదు. వేరే చోటు లేనివారే దానిని పోగొట్టుకుంటారు. పైగా పగటి జనం తగ్గిన చోటు రాత్రి మరింత నిర్మానుష్యమవుతుంది. ఎవరిని దూరంగా ఉంచాలనుకున్నామో ఆ చోటు చివరకు వారికే దక్కుతుంది.

ఆసనాల నడుమ ఇనుప కడ్డీలు అమర్చి ఎవరూ పడుకోకుండా చేయడం, గట్టు పైభాగాన్ని ఏటవాలుగా చేయడం, మొనదేలిన రాళ్ళు పొదగడం కంచెకు మారురూపాలే. గేటు వేసి తాళంచెవిని ఒకరి ఇంట్లో ఉంచడం కూడా అటువంటిదే. తాళంచెవి ఎవరి వద్ద ఉంటే కట్ట క్రమంగా వారిదవుతుంది.

కట్టను గుడిగా మార్చే ప్రయత్నం మరొక దారి. మొదట చిన్న కప్పు, పిమ్మట గోడ, పిమ్మట తలుపు వస్తాయి. మధ్య వలయం మాయమై లోపలి వలయం మాత్రం మిగులుతుంది. ప్రజల వీధులలో, పార్కులలో, ఇతర బహిరంగ స్థలాలలో అనుమతి లేని కొత్త మత నిర్మాణాలను అనుమతించరాదని భారత సర్వోన్నత న్యాయస్థానం 29 సెప్టెంబరు 2009న ఆదేశించింది. ఇది ఏ ఒక్క మతానికో సంబంధించినది కాదు. చట్టం మాట అటుంచినా, తలుపు పెట్టిన మరుక్షణం చెట్టు నీడ పొద్దు వేళలకు లోబడిపోతుంది.

కట్టను బాగుచేసేటప్పుడు గమనించవలసినవి

మొదట చెట్టు. సిమెంటును, టైల్సును చెట్టు మొదలుకు ఆనించి వేయడం అన్నిచోట్లా కనబడే పొరపాటు. వేళ్ళకు నీరు, గాలి అందక చెట్టు బలహీనపడుతుంది, గాలివానలో కూలుతుంది. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత న్యాయస్థానం 2013లో ఆదేశించింది. అదే కొలతను మన కట్టలకూ వాడవచ్చును. అరుగు లోపలి అంచుకు, చెట్టు మొదలుకు నడుమ మట్టి కనబడాలి.

తరువాత ఆసనం. అరుగు అంతా ఒకే ఎత్తులో ఉండనవసరం లేదు. ఒక వైపు పదహారు నుండి పద్దెనిమిది అంగుళాల ఎత్తున ఉంటే మోకాళ్ళ నొప్పులు గలవారు సులభంగా కూర్చొని లేవగలరు. పట్టుకొని లేవడానికి ఒక చోట చేతికడ్డీ ఉండాలి. ముప్ఫై అంగుళాలకు తగ్గని వెడల్పు ఉంటే ఇద్దరు రెండు వైపులా కూర్చోవచ్చు. పైభాగం నునుపైన రాయి అయితే వానలో జారుతుంది, నల్లరాయి అయితే ఎండకు కాలుతుంది. గరుకుగా ఉన్న లేతరంగు రాయి మంచిది. కట్టకు లోపలికి మడిచిన మూలలు ఉంటే మాటకు అనుకూలం, ఎందుకంటే మూలకు చెరొక వైపు కూర్చున్నవారు మెడ అంతగా తిప్పకుండానే ఒకరినొకరు చూడగలరు.

చక్రాల కుర్చీ వాడేవారికి, చిన్నపిల్లల బండి తోసుకొని వచ్చేవారికి కాలిబాట నుండి కట్ట వరకు మెట్టు లేని దారి కావాలి. వాలు ఒక అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది మన దేశపు ప్రమాణం. ప్రదక్షిణ దారిని కూడా అదే మట్టంలో ఉంచితే కట్ట చుట్టూ వారు కూడా తిరగగలరు. ఆసనాల పక్కన చక్రాల కుర్చీ నిలిపే ఖాళీ చోటు ఒకటి విడిచిపెడితే వారు ఎదురుగా ఒంటరిగా కాక, వరుసలోనే అందరితో పాటు ఉండగలరు.

త్రాగునీటి కొళాయి, దానికి మురుగు నిలవని తొట్టి అవసరం. నడిచి పోగల దూరంలో స్త్రీలకు మరుగుదొడ్డి లేకపోతే పని స్త్రీలు, పూలమ్మేవారు ఎక్కువసేపు ఉండలేరు. దీపం చెట్టు కొమ్మల పైన ఉంటే నేల మీద చీకటి మిగులుతుంది. కొమ్మల క్రింద, ముఖాలు కనబడే ఎత్తులో అమర్చాలి. విడిచిన పటాలకు, పూజాద్రవ్యాలకు వేరే పెట్టె ఉంచి, వారానికి ఒకసారి గౌరవంగా తీసుకువెళ్ళే ఏర్పాటు చేస్తే చెట్టు మొదలు శుభ్రంగా ఉంటుంది.

పూలు, టీ, కొబ్బరికాయలు అమ్మేవారిని ఆక్రమణదారులుగా చూడడం తొందరపాటు. రోజంతా అక్కడ ఉండే ఆ కళ్ళే కట్టకు కావలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారి జీవనోపాధికి రక్షణ కల్పించింది. పట్టణ వ్యాపార కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకుండా ఉండాలని నిర్దేశించింది. నడకదారికి అడ్డురాని రీతిలో వారికి ఒక చోటు గుర్తించడం మేలు. ఇక బోర్డు విషయం. బోర్డు పెట్టవలసి వస్తే, వార్డులో వాడుకలో ఉన్న భాషలన్నిటిలోనూ పెట్టాలి. ‘కూర్చొనరాదు’ అనే మాటకు బదులు ‘ఇది అందరిదీ’ అనే మాటతో మొదలుపెట్టాలి.

నిర్ణయానికి ముందు మూడు పూటలు

వార్డు సభలో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడు గొంతు గట్టిగా వినిపించేవారు కట్టకు ఎదురుగా ఇల్లు ఉన్నవారే. కట్టను ఎక్కువగా వాడుకొనేవారు సాధారణంగా ఆ సభకు రారు. వారికి ఆ వేళ పని ఉంటుంది, లేదా పిలుపు అందదు. ఈ లోటును పూరించడానికి ఒక సులభమైన మార్గం ఉన్నది. నిర్ణయానికి ముందు ఒక పనిదినం, ఒక సెలవుదినం ఎంచుకొని, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గంట చొప్పున కట్ట వద్ద కూర్చొని లెక్కించాలి. ఎందరు ఆగారు? ఎందరు కూర్చున్నారు? వారిలో స్త్రీలు, పిల్లలు, వృద్ధులు ఎందరు? ఒంటరిగా వచ్చి మాటలో పడినవారు ఎందరు? కూర్చోబోయి, చోటు లేకనో, ఎవరినో చూసి జంకియో వెళ్ళిపోయినవారు ఎందరు? పేర్లు అడగనవసరం లేదు. కాగితం, కలం చాలు. మరమ్మతు తరువాత ఆరు నెలలకు అదే లెక్క మళ్ళీ తీస్తే పని ఫలించినదో లేదో తెలుస్తుంది. స్త్రీల సంఖ్య తగ్గినట్టయితే, ఎంత అందంగా కట్టినా ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

కూర్చున్నవారిని వారి భాషలోనే ఒక్క ప్రశ్న అడగవచ్చును: ‘ఈ కట్ట లేకపోతే మీరు ఎక్కడ కూర్చుంటారు?’ ఆ సమాధానాలను వ్రాసి సభకు తీసుకువెళ్ళండి. కంచె వేయాలా వద్దా అన్న చర్చను వాటితో మొదలుపెట్టండి. సభలో అభిప్రాయభేదాలు రావచ్చు, గొంతులు పెరగవచ్చు. రచ్చ అనే మాటకు నేడు మిగిలిన అర్థం అదే గనుక భయపడనవసరం లేదు. ఆ మాటకు మొదట ఉండిన అర్థం వీధి, దాని తరువాతి అర్థం సభ. వీధిలో చోటు ఉన్నంతవరకు సభకు కూడా చోటు ఉంటుంది.